స్వల్ప వ్యయంతో విశాఖ విహారం

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో విశాఖపట్నం పేరు ఎరుగని ఇల్లు ఉండదు. విశాఖపట్నాన్ని తీరికగా చూచిన ఇల్లు మాత్రం అరుదు. ఈ మాట కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. మనలో అనేకులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుండి వచ్చినవారో, అట్లా వచ్చినవారి సంతానమో కదా! సంక్రాంతికో వేసవి సెలవులకో రైలెక్కి ఆ దారిన పోయి వచ్చినవారమే కదా! నిజమే. కాని ఆ ప్రయాణాలన్నీ పని మీద చేసినవి. పెండ్లి, పురుడు, పుణ్యతిథి, పొలం తగవు - ఏదో ఒకటి మనలను పిలిచేది. రాయపూర్ నుండి పోయే మార్గం విజయనగరం దగ్గర హౌరా - చెన్నై ప్రధాన మార్గంలో కలుస్తుంది. శ్రీకాకుళం వైపు వెళ్ళేవారు అక్కడనే పెట్టె బేడా దించుకొని, మరొక బండి పట్టుకొని, ఉత్తరానికి మరలిపోయేవారు. గంట ప్రయాణంలో ఉన్న సముద్రం అట్లే ఉండిపోయేది. తిరుగు ప్రయాణంలోనైనా చూద్దామంటే చేతిలో ఆవకాయ జాడీలు, బియ్యపు మూటలు, తలలో డ్యూటీ వేళ.

ఇప్పుడు పరిస్థితి మారినది. ఊరిలో మన రాకకై ఎదురుచూచే పెద్దలు ఒక్కరొక్కరే వెళ్ళిపోయినారు. పొలాలు చేతులు మారినవి. పిల్లలు సెక్టారులో పుట్టి, ఇక్కడి బడులలో హిందీ, ఇంగ్లీషు చదివి, ఇంట తెలుగు విని, తెలుగక్షరం మాత్రం రాకుండా పెరుగుతున్నారు. 'ఆంధ్రకు ఎందుకు వెళ్ళాలి, అక్కడ మనకు ఎవరున్నారు?' అని వారడిగితే చెప్పుటకు మన దగ్గర మునుపటి జవాబులు లేవు. బంధువుల కోసం పోవడమనే కారణం తొలగిపోయినప్పుడు, చూడడం కోసం పోవడమనే కారణాన్ని మనమే కల్పించుకొనవలసి ఉన్నది. అది ఏటేటా కాకపోయినా, రెండేండ్లకొకమారైనా సాధ్యపడవలెనంటే ఖర్చు తక్కువ కావలెను, సెలవు తక్కువ కావలెను. ఒకసారి ఘనంగా వెళ్ళివచ్చి పదేండ్లు ఆ ముచ్చటనే చెప్పుకొనడంకంటె, పొదుపుగా పలుమార్లు పోయి రావడం మేలని మా అభిప్రాయం. ఆ దృష్టితోనే, రెండు దినాలలో, సాధారణ ఉద్యోగి భరించగల వ్యయంలో, విశాఖను ఎట్లా చూడవచ్చునో ఇక్కడ వివరించదలచినాము.

రైలు మార్గం

రాయపూర్ - విజయనగరం రైలుమార్గానికి మన జీవితాలతో గల సంబంధం చిన్నది కాదు. విజయనగరం నుండి పార్వతీపురం దాకా ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలోనే రైలు వచ్చినా, పార్వతీపురం - రాయపూర్ భాగం 1931 నాటికి గాని పూర్తి కాలేదు. మరి రెండేండ్లకు, 1933లో, విశాఖ ఓడరేవు సముద్రయానానికి తెరువబడినది. ఈ రెండూ ఒకే ఆలోచనకు రెండు కొసలు. మధ్య పరగణాల మాంగనీసు మొదలైన ఖనిజాలను సముద్రతీరానికి చేర్చడం బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్దేశం. ఖనిజం దిగిన దారిననే తరువాతి కాలంలో మనుష్యులు ఎక్కి వచ్చినారు. ఇక్కడ కర్మాగారం నిర్మాణమవుతున్నదని విని, 1950ల చివర నుండి ఉత్తరాంధ్ర పల్లెలవారు ఎందరో ఈ మార్గాననే భిలాయి చేరినారు.

బండ్ల విషయంలో మన ముందున్న మార్గాలు ప్రధానంగా రెండు. కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణానికి అనువైనది. ఇది దుర్గ్‌కు రాదు. రాయపూర్‌లో ఎక్కవలెను. భిలాయి నగర్‌లోనో పవర్ హౌస్‌లోనో లోకల్ బండి ఎక్కి రాయపూర్ చేరుట మనకు కష్టం కాదు. శుక్రవారం జనరల్ షిఫ్టు ముగించుకొని, ఇంట భోజనం కట్టుకొని, రాత్రి రాయపూర్‌లో ఎక్కినట్లయితే శనివారం ఉదయానికి విశాఖలో ఉంటాము. ఆదివారం రాత్రి అదే బండి తిరుగు ప్రయాణంలో ఎక్కితే సోమవారం తెల్లవారేసరికి రాయపూర్ వస్తుంది. ఒక్క దినం కూడా సెలవు పెట్టనక్కరలేదు. అంతకంటె ముఖ్యమైన లాభం మరొకటి కలదు. రెండు రాత్రులు బండిలోనే గడుస్తున్నవి కాబట్టి బస ఒక్క రాత్రికే కావలెను.

రెండవది 2024 సెప్టెంబరు 16న ప్రారంభమైన దుర్గ్ - విశాఖపట్నం వందే భారత్. ఉదయాన దుర్గ్‌లో బయలుదేరి మధ్యాహ్నానికి విశాఖ చేరుస్తుంది. టిట్లాగఢ్, రాయగడ దాటిన తరువాత కొండలు, సొరంగాలు, వాగులు చూచుటకు పగటి ప్రయాణమే అందం. అయితే కూర్చుండే తరగతి టికెట్ వెల స్లీపర్ వెలకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. పైగా ఒక పూట పగలు బండిలోనే పోతుంది, అదనపు బస కావలసి వస్తుంది. నలుగురున్న కుటుంబం పొదుపు కోరినట్లయితే రాత్రి బండి స్లీపర్‌కే మా ఓటు. రాయపూర్ నుండి విశాఖకు సుమారు 530 కిలోమీటర్లు. స్లీపర్ టికెట్ మనిషికి మూడు నాలుగు వందల రూపాయలలో ముగుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులను వెంట తీసుకొని వెళ్ళేవారు మాత్రం పొదుపును కొంత పక్కనపెట్టి ఏదో ఒక దిక్కు వందే భారత్‌లో రావచ్చును. వయోవృద్ధులకు రైల్వే ఇస్తుండిన రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయినది కాబట్టి ఆ లెక్క కూడా ముందే చూచుకొనవలెను.

పిల్లల టికెట్ల గురించి ఒక సూక్ష్మం. 5 సంవత్సరాలు నిండి 12 నిండని పిల్లలకు స్లీపర్‌లో ప్రత్యేకంగా బెర్తు కోరకపోతే సగం చార్జీయే. బెర్తు కోరితే పూర్తి చార్జీ. కూర్చుండే తరగతిలో ఈ సగం చార్జీ వెసులుబాటు లేదు. ఎనిమిదేండ్ల పిల్లవాడు తల్లి పక్కన ఒదిగి పడుకొనగలడు. ఒక రాత్రికి అది శిక్ష ఏమీ కాదు. ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 దినములకు బదులు 60 దినములు చేసినారు. అనగా, బయలుదేరే తేదీకి సరిగ్గా రెండు నెలల ముందు టికెట్లు తీసుకొనడం ఈ యాత్రలో మొదటి పని. లెక్కలు ఎన్ని వేసినా, టికెట్ దొరకక తత్కాల్‌కు పోయినట్లయితే ఆదా అంతా అక్కడనే హరించుకొనిపోతుంది.

ఇక షిఫ్టు ఉద్యోగుల సంగతి. మన వారపు సెలవు శని, ఆదివారాలలోనే పడవలెనని నియమమేమీ లేదు. సెలవు ఏ వారమైనా కావచ్చును గాని, విశాఖలో ఉండే దినాలలో సోమవారం రాకుండా చూచుకొనండి. జలాంతర్గామి మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. మంగళవారం మొదలు శనివారం వరకు మధ్యాహ్నం 2 గంటల తరువాతనే తెరుస్తారు. ఆదివారం ఉదయం పూట కూడా కొంతసేపు తెరిచి ఉంటుంది. ఈ వేళలను బయలుదేరే ముందు మరొకసారి సరిచూచుకొనుట మంచిది.

నగరాన్ని ఒక గీతగా చూడండి

కర్మాగారంలో పనిచేసేవారికి ఒక విషయం వివరించనక్కరలేదు. ముడిసరుకు ఒక కొసన ప్రవేశించి, కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేసులు, ఉక్కు కరిగించే షాపులు దాటి, మరొక కొసన పట్టాలై బయటికి పోతుంది. ఎక్కడనైనా సరుకు వెనుకకు తిరిగి, వచ్చిన దారిననే మరల పోవలసి వస్తే అక్కడ ఖర్చు పెరుగుతుంది. విహారయాత్రకూ ఇదే సూత్రం. రెండు దినాల యాత్రలో జేబు చిల్లు పడేది ప్రవేశ రుసుములవల్ల కాదు. విశాఖలో చూడదగిన వాటిలో సగం ఉచితం, మిగిలినవి స్వల్ప రుసుముతో ముగిసేవి. చిల్లు పడేది ఆటోలవల్ల. ఉదయం కొండకు, మధ్యాహ్నం రేవుకు, సాయంత్రం మరల కొండ వైపుకు పరుగులు తీసేవారికి రైలు టికెట్లంత ఖర్చు ఆటోలకే అవుతుంది.

అదృష్టవశాత్తు విశాఖ నైసర్గికంగానే ఒక గీత. ఒక వైపు తూర్పు కనుమల కొండలు, ఒక వైపు బంగాళాఖాతం, నడుమ నగరం. నైరుతి కొసన ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ అనే కొండకొమ్ము. అక్కడినుండి సముద్రపుటంచునే బీచ్ రోడ్డు ఈశాన్యంగా రామకృష్ణా బీచ్, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ దాటి భీమునిపట్నం వరకు సుమారు 30 కిలోమీటర్లు సాగుతుంది. రైల్వే స్టేషను రేవు కొసకు దగ్గర. కాబట్టి మొదటి దినం పాతపట్నం నుండి రామకృష్ణా బీచ్ వరకు, రెండవ దినం అక్కడినుండి ఉత్తరంగా. ఈ ఒక్క విభజన పాటిస్తే తక్కినదంతా దానంతటదే సర్దుకొంటుంది.

బస విషయం రెండు ముక్కలలో చెప్పవచ్చును. రైల్వే స్టేషనులోని రిటైరింగ్ రూములను రిజర్వేషను టికెట్ నంబరు ఆధారంగా ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకొనవచ్చును. అవి దొరకకపోతే ద్వారకానగర్, డాబాగార్డెన్స్ ప్రాంతాలలో సాధారణ లాడ్జీలు కలవు. ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచిపోగల దూరంలో ఉన్నదానినే ఎంచుకొనండి. వంద రూపాయలు తక్కువని దూరపు లాడ్జీకి పోతే ఆ వంద ఆటోవాని పాలు. పెద్దవారందరి గుర్తింపు కార్డులు వెంట ఉంచుకొనవలెను. సామాను స్టేషను క్లోక్ రూములో పెట్టదలచినవారు ప్రతి సంచికి తాళం వేయవలెను. తాళం లేని సంచిని అక్కడ తీసుకొనరు.

శనివారం ఉదయం స్నానాదులు, ఫలహారం ముగించుకొని పాతపట్నం వైపు నడవండి. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారి ఆలయం మొదట చూడదగినది. ఇక్కడ అమ్మవారికి గర్భాలయ శిఖరమంటూ లేదు, పైన ఆకాశమే కప్పు. భక్తులు తామే దగ్గరికి పోయి పూజ చేసుకొనవచ్చును. సెక్టార్ 5 బాలాజీ మందిరంలో వరుసలలో నిలబడి అలవాటైన మన పిల్లలకు ఇది క్రొత్త. అక్కడినుండి రేవు ముఖాన ఉన్న మూడు గుట్టలు చేరువలోనే ఉన్నవి. ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరాలయం. చర్చి ఉన్న రాస్ కొండ మీదికి ఎక్కితే రేవు ప్రవేశమార్గం కనుల ముందు పరచుకొని ఉంటుంది.

ఇక్కడ కాస్త కూర్చుండండి. దీనిని గూర్చి మేము ఎక్కువగా చెప్పుటకు కారణం ఉన్నది. మన కర్మాగారంలో వాడే కోకింగ్ బొగ్గులో గణనీయమైన భాగం విదేశాలనుండి వస్తుంది. అది ఓడలలో వచ్చి దిగే రేవులలో విశాఖ ఒకటి. అక్కడ దిగిన బొగ్గు రేకులకెక్కి, మనం వచ్చిన ఈ రైలుమార్గాననే భిలాయి చేరుతుంది. తండ్రి ముప్ఫై ఏండ్లుగా కోక్ ఓవెన్లలో పనిచేస్తున్నా, ఆయన పని ఏమిటో, ఆ నల్లని వస్తువు ఎక్కడిదో చూడని పిల్లలు మన సెక్టారులలో ఎందరో ఉన్నారు. కర్మాగారం గేటు లోపలికి వారిని తీసుకొనిపోలేము. కాని సముద్రంలోనుండి ఓడ మెల్లగా ఇరుకైన కాలువలోకి తిరిగి రేవులోకి వచ్చుటను ఇక్కడినుండి చూపవచ్చును. మా విభాగంలోని మూడు కుటుంబాలవారము కలిసి వెళ్ళినప్పుడు, ఒక సహోద్యోగి కుమార్తె ఓడను చూచి, 'నాన్నా, మీ బట్టీకి దీనిలోనే వస్తుందా?' అని అడిగినది. ఏ ఓడలో ఏమున్నదో మనకెట్లా తెలుస్తుంది? అయినా ఆయన గంటసేపు చెప్పినారు. ఇంట ఎన్నడూ డ్యూటీ సంగతులు మాట్లాడని మనిషి.

పాతపట్నంలోనే రాజావారి కాలపు టౌన్‌హాలు, సెయింట్ అలోషియస్ పాఠశాల ఉన్నవి. నోబెల్ బహుమతి గ్రహీత సర్ సి.వి. రామన్ బాల్యంలో చదువుకొన్న పాఠశాల ఇది. ఆయన తండ్రి ఈ పట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. రామన్ పదకొండవ ఏటనే ఇక్కడ మెట్రిక్యులేషను ముగించినారు. పదవ తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ విషయాన్ని చెప్పి పిల్లలను వేధించకుందురు గాక!

మధ్యాహ్న భోజనం ఏదైనా మెస్సులో చేయండి. పప్పు, పులుసు, గోంగూర పచ్చడి, పెరుగుతో అరిటాకు భోజనం బీచ్ రోడ్డు హోటళ్ళకంటె ఊరిలోపలి మెస్సులలోనే చౌక, రుచి కూడాను.

భోజనానంతరం బీచ్ రోడ్డు. 1991లో ప్రారంభమైన విశాఖ మ్యూజియం ఒక పాత డచ్చి బంగళాలో ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ పట్నంపై బాంబులు వేసినవి. అప్పటి బాంబొకటి ఇక్కడ చూడవచ్చును. ఒక అరగంట చాలును. అసలు సమయం కేటాయించవలసినది కుర్సురా జలాంతర్గామికి.

ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ నిర్మితం. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో విధులు నిర్వహించి, 2001 ఫిబ్రవరి 27న విరమించినది. తరువాత దానిని సముద్రంలోనుండి ఇసుకపైకి లాగి నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచినారు. పొడవు 91 మీటర్లకు పైమాట. మన కర్మాగారం కూడా 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందపు ఫలమే కదా! 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన సుమారు దశాబ్దానికి ఈ నౌక తయారైనది. దళసరి కవాటాలు, బరువైన చక్రపు హాండిళ్ళు, అందానికంటె మన్నికకు పెద్దపీట వేసిన ఆ నిర్మాణపు తీరు చూస్తే పాత షాపులలో పనిచేసినవారికి చుట్టాలింటికి వచ్చినట్లుంటుంది. మూడు డీజిలు ఇంజన్లు, మూడు విద్యుత్ మోటార్లు. నీటిపైన ఉన్నప్పుడు డీజిలుతో బ్యాటరీలు నింపుకొని, నీటిలో మునిగినప్పుడు బ్యాటరీలపై నడవడం. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే లోపల వివరిస్తారు. వారిని ప్రశ్నలడగండి, ఎంతో చెబుతారు. ఒక గదినుండి మరొక గదికి గుండ్రని రంధ్రం గుండా వంగి, కాలెత్తి దాటవలెను. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు బయట నీడన కూర్చుండుటే శ్రేయస్కరం.

రోడ్డుకు ఆవల టీయూ-142 విమానం. ఇదీ సోవియట్ నిర్మితమే. దాదాపు 29 సంవత్సరాలు సముద్రంపై నిఘా కాచి 2017 మార్చిలో విరమించినది. అదే ఏడు డిసెంబరు 7న మ్యూజియంగా రూపొందినది. ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురు దిశలలో తిరిగే జంట ప్రొపెల్లర్లను పిల్లలకు చూపండి. సమీపంలోని విక్టరీ ఎట్ సీ స్తంభం 1971 యుద్ధానికి స్మారకం. ఆ డిసెంబరులోనే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి ఎదుటనే మునిగిపోయినది.

సాయంత్రం సముద్రం దగ్గర ఖర్చు పెట్టవలసినది మురీ మిక్చరుకు, మిరపకాయ బజ్జీకి, కాల్చిన మొక్కజొన్న పొత్తుకు మాత్రమే. అయితే ఒక హెచ్చరిక గట్టిగా చేయవలసి ఉన్నది. మన పిల్లలకు తెలిసిన నీరు శివనాథ్ నది, మరోదా చెరువు. సముద్రం ఆ జాతి నీరు కాదు. రామకృష్ణా బీచ్ చూచుటకు సౌమ్యంగా కనిపించినా, స్నానానికి దిగినవారు అలలలో కొట్టుకొనిపోయిన వార్తలు పత్రికలలో మరల మరల వస్తుంటవి. ఈత వచ్చునన్న ధీమా ఇక్కడ పనికిరాదు. యువకులు గుంపుగా ఉన్నప్పుడు ఒకరినొకరు ఉసికొల్పుకొని ముందుకు పోతారు. చీలమండ మునిగేంతవరకే - ఈ నియమాన్ని బండి ఎక్కకముందే ఇంట చెప్పి, అక్కడ మరల చెప్పి, పెద్దలలో ఒకరు నీటివైపు చూస్తూనే ఉండవలెను. పొదుపు గురించి వ్రాస్తున్న వ్యాసంలో ఇది ఎందుకని అనుకొనవద్దు.

రెండవ దినం దారి చీలుతుంది

ఆదివారానికి రెండు మార్గాలు ఉన్నవి. రెండింటినీ ఒక్క దినంలో కుక్కవద్దు. పెద్దలు వెంట ఉన్నవారికి సింహాచలం. నగరంనుండి బస్సులు విరివిగా ఉన్నవి. కొండ దిగువనుండి పైకి కూడా బస్సు కలదు. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలోనే దర్శనమిస్తారు. అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపం. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఈ స్వామిని దర్శించినట్లు ఇక్కడి శాసనం చెబుతున్నది. ధర్మదర్శనానికి రుసుము లేదు. ఆదివారం రద్దీ హెచ్చు గనుక తెల్లవారుజామునే పోవలెను.

పిల్లలతో మాత్రమే వెళ్ళినవారికి మేము తొట్లకొండ - భీమునిపట్నం మార్గాన్ని సూచిస్తాము. రైల్వే స్టేషను నుండి భీమిలికి ఋషికొండ మీదుగా పోయే 900కె సిటీ బస్సులో కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా సముద్రమే. ఇంత తక్కువ టికెట్‌కు ఇంత దృశ్యం మరెక్కడనైనా దొరుకుతుందా అని మా సందేహం.

ఇక్కడ మహిళలకు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం క్రింద సిటీ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం. కాని అది ఆ రాష్ట్ర నివాసులకే. కండక్టరు గుర్తింపు కార్డు చూపమంటారు. మన కార్డులలో జిల్లా దుర్గ్, రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. చక్కని శ్రీకాకుళపు యాసలో మాట్లాడే మన ఇల్లాలు కార్డు తీసి చూపిన తరువాత టికెట్ కొనవలసి వస్తుంది. పక్క సీటు ఆమె, 'అయ్యో, మీరు మన వాళ్ళే కదమ్మా!' అంటుంది. నియమం నియమమే. ఆ చార్జీని ముందే లెక్కలో చేర్చుకొనండి.

తొట్లకొండ పేరులోనే దాని విశేషం ఉన్నది. కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వలన ఆ పేరు వచ్చినది. 1976లో నౌకాదళం వారు స్థావరం కోసం సర్వే చేస్తుండగా ఇక్కడి బౌద్ధ అవశేషాలు బయల్పడినవి. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ త్రవ్వకాలు జరిపినది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల వరుసలు, వంటశాల, భోజనశాల, శాతవాహనుల నాణేలు, రోమను వెండి నాణేలు వెలువడినవి. రెండువేల ఏండ్ల క్రిందట ఈ కొండపై నివసించినవారు వాన నీటిని రాతి తొట్లలో నిలువ చేసుకొని, దిగువన ఓడలు పోవుట చూస్తూ కాలం గడిపినారు. ఇంజనీరుగా మాకు స్తూపంకంటె ఆ నీటి ఏర్పాటే ఎక్కువ సేపు నిలబెట్టినది. బస్సు రోడ్డు మీదనే ఆగుతుంది, పైకి ఎక్కుట మన పని. ఎండ ముదరకముందే ఎక్కి, త్రాగునీరు వెంట తీసుకొనిపోవలెను. భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూచి, మధ్యాహ్నానికి తిరుగు బస్సు ఎక్కవచ్చును. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది.

ఏ మార్గాన పోయినవారైనా సాయంకాలానికి కైలాసగిరి చేరవచ్చును. రోప్‌వే ఉన్నది, మెట్లదారి ఉన్నది. పిల్లలను మెట్లమీద ఎక్కించి, దిగేటప్పుడు రోప్‌వేకు టికెట్ కొనండి, సగం ఖర్చులో పూర్తి సంతోషం. పైనుండి తీరం కొడవలివలె వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ వరకు కనిపిస్తుంది.

చేర్చనివాటి గురించి కూడా చెప్పవలెను. జంతుప్రదర్శనశాలకు పోవద్దు. అది మంచిదే, కాని మైత్రీబాగ్ చెంత నివసించేవారు అంత దూరం పోయి పులిని చూడనక్కరలేదు. అరకు, బొర్రా గుహలు ఈసారికి వదలండి. వాటికి పోయి రావడానికి ఒక దినం పూర్తిగా పడుతుంది, విశాఖ మిగిలిపోతుంది. అరకు వదలడం మీద ప్రతి ఇంటా వాగ్వివాదం జరుగుతుంది. జరగనివ్వండి. ఉక్కునగరం చూడదలచినవారు ముందస్తు అనుమతి లేనిదే లోపలికి పోలేరు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేసిన ఆ కర్మాగారం దేశంలో సముద్రతీరాన నిర్మితమైన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం. అది వేరొక యాత్ర, వేరొక వ్యాసం.

కాలం ఎంపికలో నవంబరు చివరనుండి ఫిబ్రవరి వరకు ఉత్తమం. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్నే తాకి అతలాకుతలం చేసినది.

డబ్బు విషయంలో మేము పాటించే పద్ధతి చెబుతాము. రైలు, బస ముందే చెల్లించినవి కాబట్టి వాటిని మరచిపోవచ్చును. మిగిలిన ఖర్చుకు రెండు కవర్లు, దినానికొకటి. శనివారం కవరు ఖాళీ అయితే ఆదివారం కవరు తెరవరాదు. ఇప్పుడు అందరి చేతిలో ఫోను చెల్లింపు వచ్చినది. సౌకర్యమే, కాని ఫోనుతో ఇచ్చిన రూపాయి జేబులోనుండి పోయినట్లు తోచదు. యాత్ర రెండు దినాలు చేతి డబ్బే మంచిది. కవరు ఇల్లాలి చేతిలోనో, పెద్ద పిల్లల చేతిలోనో ఉంచండి. టికెట్ కొనడం, దారి అడగడం, మెస్సులో కూర మరికొంత వేయమనడం పిల్లలకే అప్పగించండి. మొదట హిందీలో ఆరంభిస్తారు. విశాఖలో హిందీకి కూడా జవాబు వస్తుంది, మీరు కల్పించుకొనవద్దు. రెండవసారికో మూడవసారికో తెలుగులోనే అడుగుతారు. బస్సుల ముందున్న బోర్డులు మాత్రం ఒక చిక్కు. ఊరి పేరు పెద్ద తెలుగక్షరాలలో ఉంటుంది. మా వెంట వచ్చిన పదమూడేండ్ల కుర్రవాడు రెండు దినాలలో భీమిలిలోని 'భీ' అక్షరాన్ని దూరంనుండే పోల్చుకొనడం నేర్చినాడు. 'భిలాయిలోనూ ఇదే అక్షరమా?' అని అడిగి, దీర్ఘం తీసివేసి కాగితం మీద తన ఊరి పేరు వ్రాసుకొన్నాడు.

ఆదివారం రాత్రి బండికి గంట ముందే స్టేషను చేరవలెను. క్లోక్ రూము దగ్గర రద్దీ ఉంటుంది. ఇరుగుపొరుగుల కోసం మాడుగుల హల్వా కొనదలచినవారు ఆ పని మధ్యాహ్నమే ముగించుకొనండి, చివరి గడియలో కొన్నవారికి వెల అడిగే తీరిక ఉండదు. రాత్రి భోజనం పొట్లాలు కట్టించుకొని ఎక్కండి. తెల్లవారి రాయపూర్‌లో దిగి లోకల్ పట్టుకొంటే, బండి వేళకు వచ్చినట్లయితే, జనరల్ షిఫ్టువారికి స్నానం చేసి డ్యూటీకి పోవుటకు వ్యవధి ఉంటుంది. మధ్యాహ్నపు షిఫ్టువారు ఒక నిద్ర కూడా తీయవచ్చును.